మధ్యాహ్నం రెండు గంటల నీళ్లు

అర్జీలమ్మ పాత దుప్పటి ముక్కను నాలుగు మడతలు వేసి డ్రమ్ము మూతికి కట్టి, ట్యాంకరు నీళ్లను బిందెతో వడపోస్తూ ఉండగా వీధి మొగలో మైకు బండి గొంతు సవరించుకుంది.

"మహాజనులకు తెలియజేయడమేమనగా, రేపు సాయంత్రం నాలుగు గంటలకు నీటి సరఫరా మంత్రివర్యులు ఈ వీధికి స్వయంగా విచ్చేసి, స్వహస్తాలతో కుళాయి తిప్పి, ఇక్కడి దాహాన్ని శాశ్వతంగా రద్దు చేస్తారు. కావున ప్రజలందరూ తమ తమ దాహాలతో సకాలంలో హాజరు కావలెను."

ఆఖరి వాక్యం శాఖవారు రాసిచ్చిందో, మైకువాడి సొంత పైత్యమో తెలియదు. బండి మాత్రం దాన్నే నాలుగుసార్లు చెప్పి, దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము డ్రమ్ములో పడకుండా అర్జీలమ్మ చేతులు అడ్డం పెట్టింది.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఏడాదిన్నర కిందటి దాకా ఈ వీధిలోని నలభై ఇళ్లకూ నీళ్లంటే మైలున్నర దూరంలో క్వారీ పక్కనున్న చేతిపంపే. రోజుకి మూడు సార్లు నడక. అలా నడిచి నడిచి కుడి భుజం పట్టేశాక, ఆమె నీటి ఆఫీసుకి అర్జీ పెట్టింది. తర్వాత ఇంకొకటి పెట్టింది. పదకొండో అర్జీతో ఆ ఫైలు లావెక్కి, దాన్ని కట్టే పట్టీ సరిపోకుండా పోయింది. కొత్త పట్టీ కొనడం కంటే నీళ్లివ్వడమే సులువని ఆఫీసువాళ్లు నిర్ణయించుకున్నారు. అప్పట్నుంచీ రోజు విడిచి రోజు పొద్దున్నే ఆరింటికి ట్యాంకరు వస్తుంది. ఇంటికి నాలుగు బిందెలు. ఆమెకి అర్జీలమ్మ అని పేరూ వచ్చింది.

ఇంత పని జరిగినా పేపర్లో ఒక్క ముక్క రాలేదు. ఆ ఊరి విలేకరి ఆమె భర్తే. "ఇంటావిడ వార్త వేస్తే పత్రిక నిష్పాక్షికత ఏమైపోతుంది?" అన్నాడాయన. ఆయన నిష్పాక్షికత అంత గట్టిది. ఇంట్లో ఉన్నదేదీ ఆయనకి కనబడేది కాదు.

మర్నాడు పొద్దున ఆ విలేకరి కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, సాయంత్రం జరగబోయేది రాసేస్తున్నాడు. ఆయన పనితీరే అది. పత్రికలో ఆ ఊరికిచ్చిన పేజీ మధ్యాహ్నం రెండు గంటలకే మూసేస్తారు. మంత్రులేమో భోజనం చేసి, కునుకు తీసి, సాయంత్రం గానీ దేశసేవకి బయల్దేరరు. రెండింటికీ పొత్తు కుదరదు కాబట్టి ఆయన సభని ముందే చూసి, ప్రసంగం ముందే విని, చప్పట్లు కూడా ముందే లెక్కపెట్టి రెండింటికల్లా పంపించేస్తాడు. పన్నెండేళ్లలో ఒక్కసారీ తప్పు పోలేదు. ఒకసారి మాత్రం రావలసిన మంత్రి రానేలేదు. అయినా ప్రసంగం అచ్చయింది. ఆ మంత్రి మర్నాడు ఫోన్ చేసి, తానెన్నడూ అంత బాగా మాట్లాడలేదని కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

"వినండి," అన్నాడు విలేకరి, కాగితం ఎత్తి పట్టుకుని. "మంత్రిగారు కుళాయి తిప్పగానే నీళ్లు గలగలా దూకాయి. 'డెబ్బై ఏళ్లుగా ఈ రోజు కోసమే చూస్తున్నాను. ఇక నిశ్చింతగా కన్నుమూస్తాను' అని వీధి చివరి ఇంటి వృద్ధురాలు ఆనందబాష్పాలతో చెప్పారు."

గోడవార పీట మీద కూర్చుని దిండు గలేబుకి కుట్లు వేస్తున్న ఆయన తల్లి తలెత్తింది.

"వీధి చివరిల్లు మనదే కదరా."

"అవునమ్మా."

"నేనెప్పుడన్నాను?"

"సాయంత్రం అంటావు."

"కన్నుమూస్తానని కూడానా?"

"అది వాక్యానికి బరువు కోసం. నువ్వు పట్టించుకోకు."

"నీకేం, నువ్వు రాసేస్తావు. కిందటేడు వంతెనప్పుడూ కన్నుమూస్తానన్నాను. అంతకుముందు బస్టాండప్పుడు కూడా. మొన్న అంగట్లో ఒకాయన నన్ను చూసి, ఇంకా ఉన్నావా పెద్దమ్మా అని బిత్తరపోయాడు."

అర్జీలమ్మ తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, తీరా నీళ్లు రాకపోతే?"

"ఎందుకు రావు? మంత్రులు నేను రాసినదానికి భిన్నంగా ఇంతవరకూ ఏమన్నా చేశారా?"

అదీ నిజమే. రెండు కొట్టగానే ఆయన వార్త పంపేసి, బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాడు. తెల్లారితే లక్షమంది చదవబోయే నీళ్లు అప్పటికే దారిలో ఉన్నాయి.

*

నాలుగన్న మంత్రిగారు అయిదున్నరకి వచ్చారు. విలేకరి ఇంటి ఎదుటే సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద ఇత్తడి కుళాయి బిగించి, మెడకి ఎర్ర రిబ్బను చుట్టారు. నలభై ఇళ్లవాళ్లూ బిందెలతో నిలబడ్డారు. ఖాళీ బిందెలే తేవాలని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, ఇంట్లో నీళ్లున్న ఒకరిద్దరు వాటిని గిన్నెల్లోకి ఒంపుకుని మరీ వచ్చారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పారు. ఏమీ రాలేదు. ఇంకో చుట్టు తిప్పారు. లోపలి నుంచి, ముసలాయన ఎవరో పడక్కుర్చీలో వాలినట్టు ఒక దీర్ఘమైన నిట్టూర్పు వచ్చింది. మూడో చుట్టుకి ఒక సాలీడు బయటికొచ్చి, ఇంతమందిని చూసి, మొహమాటపడి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు, చిరునవ్వు చెదరకుండా.

పక్కనున్న ఇంజనీరు వంగి చెవిలో చెప్పాడు. దిమ్మెకి రెండడుగుల్లో ఉన్న అర్జీలమ్మకి ప్రతి అక్షరం వినబడింది.

"గాలి సార్. నీళ్లకి ముందు గాలి వస్తుంది. ప్రొటోకాల్."

"మంత్రికి ముందు పైలట్ కారు వచ్చినట్టా?"

"అచ్చం అలాగే సార్."

"మరి మంత్రి ఏడి?"

ఇంజనీరు తన బూట్ల వంక చూసుకున్నాడు. "పైపు చెరువు దాకా ఇంకా వెయ్యలేదు సార్. ప్రారంభోత్సవం జరిగేది ఈ చివర కదా అని, ముందు ఈ చివర్నుంచి మొదలుపెట్టాం."

"ఎంత వేశారు?"

"ఈ కుళాయి దగ్గర్నుంచి..." ఇంజనీరు చెయ్యి చాపి చూపించాడు. "అదుగో, ఆ మలుపు గోడ దాకా."

మలుపు గోడ నలభై అడుగుల్లో ఉంది. చెరువు ఏడు మైళ్లు. మంత్రిగారు కాసేపు ఆ గోడ వైపు, ఒక నాయకుడు భవిష్యత్తు వైపు చూసినట్టు చూశారు. అది చూసి జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన విలేకరి వైపు తిరిగారు.

"ఏమయ్యా, దీన్ని ఏమని రాస్తావు?"

విలేకరి చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "రాసేశాను సార్. రెండింటికే వెళ్లిపోయింది. నీళ్లు వచ్చేశాయి."

మంత్రిగారు తన మెడలో దండ తీసి విలేకరి మెడలో వేశారు. "చూశావా," అన్నారు ఇంజనీరుతో. "అయిదేళ్లలో మన శాఖ చెయ్యలేని పని ఈయన భోజనం వేళకే చేసేశాడు."

*

మర్నాడు పేపర్లో నీళ్లు దూకాయి. పోటీ పత్రికలో ఇంకా జోరుగా దూకాయి. దాని విలేకరికి ఆ రోజు పంటినొప్పి. మనాయన దగ్గరే వార్త తీసుకుని, మర్యాదకి రెండు విశేషణాలు కలిపాడు.

ట్యాంకరు రావలసిన రోజు అర్జీలమ్మ ఆరింటికే డ్రమ్ముకి గుడ్డ కట్టి సిద్ధంగా ఉంచింది. ఆరున్నర అయింది. ఏడయింది. ఎనిమిదింటికి వరసలో ఉన్న ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు.

"వదినా, నీ ట్యాంకరేది?"

నీళ్లు వచ్చినన్నాళ్లూ అది వీధి ట్యాంకరు. రాని రోజున మాత్రం ఆమెది. ఆమె చెప్పులేసుకుని నీటి ఆఫీసుకి వెళ్లింది.

అక్కడి గుమాస్తాకి ఆమె అంటే ఎంతో గౌరవం. పదకొండు అర్జీలకీ నంబరు వేసింది ఆయనే. "రండమ్మా రండి. పన్నెండోదా?" అంటూ కుర్చీ దులిపాడు.

"ట్యాంకరు రాలేదండీ."

"ఎందుకొస్తుంది? కుళాయి వచ్చింది కదా. కుళాయి వచ్చిన వీధికి ట్యాంకరు ఆపెయ్యాలని రూలు."

"కుళాయి వచ్చింది, నీళ్లు రాలేదు."

గుమాస్తా నొచ్చుకున్నట్టు చూసి, ఫైలు తెరిచి ఆమె వైపు తిప్పాడు. మొదటి పేజీలో జిగురుతో అతికించిన పేపరు ముక్క. 'గలగలా దూకిన నీళ్లు.' కింద ఆమె భర్త పేరు.

"ఇది మీవారు రాసిందే కదమ్మా. ఆయన మాట మీరే కాదంటే మేమేం చెప్పగలం?"

"మీరొచ్చి ఒకసారి కుళాయి తిప్పి చూడండి. పది నిమిషాల నడక."

"చూస్తే నాకు తెలుస్తుంది. ఫైలుకి ఎలా తెలుస్తుంది?"

ఆమె ఆలోచించింది. "ఫైలుకి తెలియాలంటే ఏం కావాలి?"

"పేపరు ముక్క." ఆయన జిగురు సీసా మూత బిగిస్తూ మృదువుగా చెప్పాడు. "నోటిమాట అతుక్కోదమ్మా, రాలిపోతుంది. ట్యాంకరు సంగతి అచ్చులో ఒక్క ముక్క చూపించండి, సాయంత్రానికి పంపించే పూచీ నాది. మీ దగ్గర నాకు అబద్ధం దేనికి?"

ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది. అచ్చు పుట్టేది తన ఇంట్లోనే కదా.

సంగతంతా విన్న విలేకరి తల గోక్కుని, పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసి, ఆమె కూడా వినేలా స్పీకరు పెట్టాడు. అవతల ఉపసంపాదకుడు ఏదో నములుతున్నాడు.

"నీళ్లు రాలేదని సవరణ వెయ్యాలా? మొన్ననే కదయ్యా వచ్చాయి."

"నిజానికి రాలేదండీ."

"ఏ పేపర్లో రాలేదు?"

"అన్ని పేపర్లలోనూ వచ్చాయి. కుళాయిలో రాలేదు."

అవతల నమలడం ఆగింది. "చూడు బాబూ. మంత్రిగారి పక్కన నిలబడ్డవాళ్ల వరస తప్పు పోతే సవరణ వేస్తాం. నీళ్లు రాలేదని వేస్తే మన విశ్వసనీయత ఏం కావాలి? ఇలాంటి నెగెటివ్ వార్తలతో మళ్లీ ఫోన్ చెయ్యకు. మంచిది, పాజిటివ్‌ది ఏదన్నా ఉంటే రెండింటిలోపు పంపు."

ఫోన్ పెట్టేశాక విలేకరి భార్య వైపు జాలిగా చూశాడు. "విన్నావుగా. మా వృత్తిలో చాలా కట్టుబాట్లుంటాయి."

*

అర్జీలమ్మ మళ్లీ క్వారీ దారి పట్టింది. ఏడాదిన్నరలో దారి పొడుగు తగ్గలేదు, భుజం నొప్పీ తన చోటు మర్చిపోలేదు. మూడో రోజుకి ఆమె కుడి చెయ్యి జడ వేసుకోవడానికి కూడా లేవలేదు. రెండు బిందెలు తెచ్చే చోట ఒకటిన్నర తెచ్చేది. అత్తగారు అది చూసి దాహం వెయ్యడం లేదని చెప్పడం మొదలుపెట్టింది. వీధిలో మాటలు వేరే.

"మీ ఇంట్లో కాగితం నీళ్లున్నాయి కదా వదినా, ఓ చెంబు అప్పివ్వు."

"ఊరుకోవే, వాళ్ల నీళ్లు పాత పేపర్లవాడికి తూకం వేస్తారట."

ఆమె నవ్వేసేది. పంపు దగ్గర వరసలో తనే ముందు నిలబడి, తనవి కాని బిందెలు కూడా కొట్టి పెట్టేది.

నాలుగో రోజు టీవీ చానల్ వాళ్లు దిగారు. ఎడారిలాంటి వీధిలో జలధార అనే విషయం మీద అరగంట ప్రత్యేక కార్యక్రమం. ఆ సంగతి మంత్రిగారి పేషీకి తెలిసింది. చానల్ బండి వచ్చిన పావుగంటకి మలుపు గోడ వెనక్కి ఇంకో బండి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. అది వీధికి వచ్చే పాత ట్యాంకరే. డ్రైవరు దిగి, గొట్టం తీసి, గోడ దగ్గర ముగిసిపోయిన నలభై అడుగుల పైపులోకి దూర్చాడు.

కుళాయిలో నీళ్లొచ్చాయి. నిజంగానే గలగలా వచ్చాయి. సాలీడు కొట్టుకుపోయింది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ బిందెలు పెట్టారు. మొదటి వరస నిండేసరికి చానల్ డైరెక్టరు చెయ్యెత్తాడు.

"బాగుంది. మళ్లీ ఒక్కసారి. బిందెలు ఖాళీ చేసి రండి."

ఎవరూ కదల్లేదు.

"నిండిన బిందె పెడితే షాట్‌లో బాగోదు అక్కా. ఒంపెయ్యండి, మళ్లీ వస్తాయి కదా."

ఒంపారు. కాలువలో నీళ్లు పారాయి. రెండో టేక్‌లో నవ్వులు తక్కువయ్యాయన్నాడు, ఒంపారు. మూడో టేక్‌లో ఎండ మారిందన్నాడు, ఒంపారు. నాలుగోదానికి ఒకావిడ ఒంపుతున్నట్టు వంగి, బిందెలో మొహం పెట్టి గటగటా తాగేసింది. అది డైరెక్టరుకి చాలా నచ్చి, అందర్నీ అలాగే చెయ్యమన్నాడు. ఏడు టేకులయ్యాయి. కాలువ ఆ ఏడాది మొదటిసారి నిండుగా పారింది.

తర్వాత వృద్ధురాలి వంతు వచ్చింది. డైరెక్టరు పేపరు ముక్క చేతిలో పట్టుకుని అత్తగారి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇందులో ఉన్నట్టే చెప్పు పెద్దమ్మా. ఇక నిశ్చింతగా కన్నుమూస్తాను."

"ముందు గుక్కెడు నీళ్లు తాగి చెప్తా నాయనా. గొంతు తడారిపోయింది."

"తాగకు, తాగకు. తాగితే మొహంలో ఆ దాహం పోతుంది."

ఆమె కొడుకు వైపు చూసింది. కెమెరా పక్కన నిలబడ్డ కొడుకు, చెప్పేయమ్మా అన్నట్టు తలాడించాడు. ఆమె చెప్పేసింది. కళ్లలో నీళ్లు రాలేదని డైరెక్టరు కుళాయి నీళ్లు రెండు చుక్కలు బుగ్గల మీద అద్దాడు. అతను తిరిగిపోగానే ఆమె నాలుక చాపి, అందినంత మేర వాటిని నాక్కుంది. ఆ సంగతి అర్జీలమ్మ తప్ప ఎవరూ చూడలేదు.

చానల్ బండి కదలగానే అర్జీలమ్మ గోడ వెనక్కి పరుగెత్తింది. డ్రైవరు గొట్టం చుట్టేస్తున్నాడు. ఏడాదిన్నర రోజు విడిచి రోజు చూసిన మనిషి.

"అన్నా, ఇంకా సగముంది కదా. ఇంటికొక్క బిందె పొయ్యి."

"మునుపటి నీళ్లయితే పోసేవాణ్ణి అక్కా." అతను తల దించుకున్నాడు. "ఇవి నీళ్ల పద్దులో రాలేదు, షూటింగు సామాను కింద వచ్చాయి. మిగిలినవి మిగిలినట్టు అప్పజెప్పాలి."

*

ఆ మధ్యాహ్నం విలేకరి కోటుకి కొలతలివ్వడానికి దర్జీ దగ్గరికి వెళ్లాడు. ఆ సంవత్సరపు ఉత్తమ ప్రత్యక్ష కథనానికి ప్రభుత్వం ఆయనకి పురస్కారం ప్రకటించింది. ఆయన లేని ఆ గంటలో అర్జీలమ్మ బల్ల ముందు కూర్చుంది.

పన్నెండేళ్లుగా ఆయన రాస్తుంటే విన్న మనిషి. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం వస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. తిట్టు అచ్చుకాదు, పొగడ్త అచ్చవుతుంది. గుమాస్తాకి కావలసింది పేపరు ముక్క, అందులో ఏ రాగం పాడినా ఆయనకి ఒకటే. అయితే ట్యాంకర్లు పంపినందుకు మంత్రిగారిని పొగిడితే సరిపోయె. ఆమె కలం తీసుకుంది. ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని రాసింది.

'కుళాయికి కూడా అలసట ఉంటుందని గుర్తించిన తొలి మంత్రి మనవారే. అహోరాత్రాలు శ్రమిస్తున్న నూతన కుళాయికి విశ్రాంతి కల్పించడం కోసం మంత్రిగారి ఆదేశంతో బుధవారం ఉదయం ఆరు గంటలకే వీధికి రెండు ట్యాంకర్లు తరలివచ్చాయి. ఇంటికి ఎనిమిది బిందెల చొప్పున పంచారు. ప్రజల హర్షధ్వానాలతో వీధి మారుమోగింది.' వృద్ధురాలి మాట కోసం ఒక్క క్షణం ఆగి, అత్తగారి వైపు చూసి, ఆ వాక్యం వదిలేసింది.

విలేకరి వచ్చి చదివాడు. రెండుసార్లు చదివాడు. కళ్లు చెమర్చాయి.

"అలసిన కుళాయి," అన్నాడు. "నాకెప్పుడూ తట్టలేదు సుమా. వృద్ధురాలు లేదేం?"

"ఆవిడకీ విశ్రాంతే."

"పోనీలే. ఇందులో నెగెటివ్ ఏమీ లేదు." గడియారం చూసి, రెండుకి ఆరు నిమిషాలుండగా పంపేశాడు.

బుధవారం పొద్దున పేపరు వచ్చింది. మొదటి పేజీలో వేశారు. అర్జీలమ్మ దాన్ని కత్తిరించి, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో సాపుచేసి, వీధిలో ఇంటింటికీ చూపించింది. "బిందెలు కడిగి పెట్టుకోండి. సాయంత్రం ట్యాంకరు." నిన్నటి దాకా కాగితం నీళ్లని ఎగతాళి చేసినవాళ్లే వరసలో ముందు చోటు ఆమెకి వదిలి, బిందెలు పేర్చి కూర్చున్నారు.

గుమాస్తా ముక్క చూసి లేచి నిలబడ్డాడు. "మాటంటే మీది. ఇలాంటి మనిషిని నాలుగేళ్లకొకర్ని చూస్తాను." స్వయంగా జిగురు రాసి, మూలలు మడతపడకుండా అతికించి, వేలితో ఒక్కో లైను కిందా గీస్తూ చదివాడు. చదివి ముద్ర కొట్టాడు. ఫైలు మూసి, పట్టీ కట్టేశాడు.

"సంతోషమమ్మా."

"ట్యాంకరు ఎన్నింటికి వస్తుందండీ?"

"వచ్చేసింది కదమ్మా. పొద్దున ఆరింటికి. ఒకటి కాదు, రెండు."

"రాలేదండీ. పంపించమని అడగడానికే కదా ఇది తెచ్చాను. అచ్చులో ముక్క చూపిస్తే పంపిస్తానన్నారు."

"అచ్చులో చూపించారు, కాదనను. అచ్చులో ట్యాంకర్లు వచ్చాయి. హర్షధ్వానాలు కూడా వచ్చాయి. వచ్చిన ట్యాంకర్లని మళ్లీ ఎలా పంపను? అలా చేస్తే రేపు నా మీద విచారణ వేస్తారు." ఆయన గొంతు తగ్గించి, ఆత్మీయంగా ముందుకి వంగాడు. "పైగా మీకో మాట చెప్పాలి, ఏమనుకోకండి. ఇంటికి నాలుగు బిందెలే మీకు మంజూరు. మీ వీధివాళ్లు ఎనిమిదేసి తీసుకున్నారు. పేపర్లో అచ్చయిపోయింది, నేను దాచలేను. ఎందుకు ఎక్కువ తీసుకున్నారో ఒక సంజాయిషీ రాసి ఇచ్చెయ్యండి. దాన్ని పన్నెండో అర్జీ కింద నేనే సర్దుతాను."

ఆయన కాగితం, కలం కూడా ఆమె ముందుకి జరిపాడు. మంచివాడు. ఆమె ఆ తెల్ల కాగితాన్ని ముట్టుకోకుండా, లేచి వచ్చేసింది.

వీధిలో బిందెల వరస కుళాయి దగ్గర్నుంచి మలుపు గోడ దాకా, సరిగ్గా పైపు ఉన్నంత మేరా ఉంది. ఆమె మొహం చూసి ఒక్కొక్కరే తమ బిందె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఇంట్లో విలేకరి కొత్త కోటు తొడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. పురస్కార సభ సాయంత్రం నాలుగింటికి. అప్పుడు టైము రెండుకి పది నిమిషాలు. డ్రమ్ము మూతికి కట్టిన దుప్పటి ముక్క ఎండి, అట్టలా బిగుసుకుపోయింది.

"సరిగ్గా వేళకి వచ్చావు," అన్నాడు తలెత్తకుండా. "విను. 'మంత్రిగారు పురస్కారం అందిస్తుండగా విలేకరి సతీమణి ముందు వరసలో కూర్చుని, గర్వంతో తడిసిన కళ్లతో చప్పట్లు కొట్టారు.' ఎలా ఉంది?"

ఆమె కుడి చెయ్యి భుజం దాకా ఎత్తడానికి ప్రయత్నించి, దించేసింది. గోడవార బోర్లించిన రెండు బిందెల దగ్గరికి వెళ్లింది.

విలేకరి కలం నోట్లో పెట్టుకుని పైకప్పు వైపు చూశాడు. "వృద్ధురాలి దగ్గరే ఆగిపోయాను. కన్నుమూస్తానని పదిహేడుసార్లు అనిపించాను, ఇంక బాగోదు. కొడుకుని తలుచుకుని తల్లి అనే మాట కాబట్టి కొత్తగా, గుండెల్లోంచి రావాలి." గడియారం చూసి తల్లి వైపు కుర్చీ తిప్పాడు. "అమ్మా, ఈసారి నువ్వే చెప్పు. ఏమన్నావని రాయను?"

ఆవిడ కుడుతున్న సూదిని గలేబుకి గుచ్చి, గలేబు మడిచి పీట మీద పెట్టింది. గోడ పట్టుకుని లేచింది. రెండు బిందెల్లో చిన్నది తీసుకుని చంకన పెట్టుకుంది. కోడలు అందుకోబోతే చేతిని పక్కకి జరిపింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో ఒక్కో కాలే నెమ్మదిగా దూర్చి, మెట్టు దిగి, ఎర్ర రిబ్బను కుళాయిని దాటుకుని, క్వారీ దారి వైపు తిరిగింది.